సర్కారు ఆఫీసు కిటికీలు రాత్రిపూట ఎవరు తెరవాలి?

ఒక మే నెలలో పని మీద ఒక మండల స్థాయి ఆఫీసుకి వెళ్లాను. ఊరి పేరు అక్కర్లేదు, అలాంటి భవనాలు మన దగ్గర చాలా చోట్ల కనిపిస్తాయి. కట్టి ఎన్నో ఏళ్లు కాలేదు. ముందువైపంతా నీలం అద్దం. లోపల మధ్యలో పొడవాటి నడవా, దానికి అటూ ఇటూ గదులు. పదకొండు గంటలకే అక్కడ కూర్చున్నవాళ్ల చొక్కాలు వీపుకి అంటుకుపోయాయి. అయిదు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కిటికీలన్నీ మూసి పరదాలు లాగేశారు. తెరిస్తే వడగాలి కొడుతుందన్నారు. ఆ మాట నిజమే.

అదే ఆవరణలో వెనకవైపు పాత పెంకుల కచేరీ ఉంది. ఇప్పుడు అందులో రికార్డులు పెట్టుకుంటున్నారు. మందపాటి గోడలు, రెండు వైపులా వసారా, చూరు కింద వెంటిలేటర్లు. అడుగు పెట్టగానే ఒంటికి హాయిగా తగిలింది. "మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇక్కడే కాసేపు నడుం వాలుస్తామండీ" అన్నాడు అటెండరు.

భవనాలు చూడటానికి వెళ్లేటప్పుడు నా సంచీలో ఒక అగరబత్తీల ప్యాకెట్ పెట్టుకుంటాను. గాలి ఎటు నడుస్తోందో చెప్పడానికి అంతకంటే చౌకైన పరికరం నాకు తెలియదు. కొత్త భవనంలో ఫ్యాన్ ఆపించి ఒక బత్తి వెలిగిస్తే, పొగ నిటారుగా లేచి ఫాల్స్ సీలింగ్ దాకా వెళ్లి అక్కడే పరుచుకుంది. ఫ్యాన్ వేయగానే కిందికి దిగి గదంతా కలిసిపోయింది. పది నిమిషాల తర్వాత కూడా వాసన పోలేదు. పాత కచేరీలో అదే బత్తి పొగ మొదట తలుపు వైపు వంగింది, తర్వాత మెల్లగా పైకెక్కి అవతలి గోడ వెంటిలేటర్లోంచి బయటికి పోయింది. కంటికి కనిపించిన తేడా ఇంతే.

పాతవి చల్లన, కొత్తవి ఉడుకు అని సరిపెట్టుకుంటే ఏమీ తేలదు. ఇప్పుడు పెంకుల కచేరీలు కట్టలేం, జనం పెరిగారు, జాగా తగ్గింది. ఆ రెండు గదుల్లో గాలి చేసిన పనులు ఏమిటో విడదీసి చూస్తేనే కొత్త భవనానికి ఏం చేయొచ్చో తెలుస్తుంది.

"గాలి ఆడటం లేదు" అంటాం మనం. ఈ ఒక్క మాటలో మూడు వేర్వేరు ఫిర్యాదులు దాక్కుని ఉన్నాయి. మొదటిది ఊపిరికి సంబంధించింది. మనుషులు వదిలిన గాలి బయటికి పోవాలి, తాజా గాలి రావాలి. రెండోది ఒంటికి సంబంధించింది. చర్మం మీద గాలి కదిలితే చెమట ఆరి చల్లబడతాం. మూడోది భవనానికి సంబంధించింది. గోడలూ స్లాబూ పగలంతా పీల్చుకున్న వేడిని ఎప్పుడో ఒకప్పుడు బయటికి పంపాలి.

ఫ్యాన్ రెండో పని ఒక్కటే చేస్తుంది. ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప కొత్త గాలి తేదు, గదిని చల్లబరచదు. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలోని గాలిని చల్లబరుస్తుంది కానీ మొదటి పని అసలు చేయదు. చాలామంది దాని బయటి యూనిట్ చూసి, అది బయటి గాలిని లోపలికి తెస్తోందనుకుంటారు. ఆ రెండు యూనిట్ల మధ్య నడిచేది రాగి గొట్టాల్లోని వాయువు. గదిలో గాలి గదిలోనే తిరుగుతుంది. బయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల వంతుల్లో సుమారు 420 వంతులుంటుంది. తలుపులు బిగించిన ఏసీ మీటింగ్ హాల్లో ఇరవైమంది గంటసేపు కూర్చుంటే అది చాలా తేలిగ్గా వెయ్యి దాటిపోతుంది. మధ్యాహ్నం మీటింగుల్లో కళ్లు మూతలు పడటానికి భోజనం ఒక్కటే కారణం కాదు. ఇక మూడో పని ఫ్యానూ చేయదు, ఏసీ చేసినా దాని కోసం మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఆ పని ఉచితంగా చేయగలిగేది రాత్రి గాలి.

మోటారు లేకుండా గాలిని కదిలించే శక్తులు రెండే. ఒకటి బయటి గాలివాటు. గాలి కొట్టే గోడ మీద ఒత్తిడి పెరుగుతుంది, అవతలి గోడ దగ్గర తగ్గుతుంది. రెండు గోడలకీ దారి ఉంటే గాలి గదిలోంచి నడుస్తుంది. రెండోది పొగగొట్టం సూత్రం. వేడిగాలి తేలిక కాబట్టి పైకి పోతుంది, కింద చల్లగాలికి చోటిస్తుంది. పల్లె వంటిళ్లలో పొగ పోవడానికి పైన వదిలిన గవాచి చేసేది ఇదే.

ఈ శక్తులు ఎంత బలహీనమైనవో అంకెల్లో చూస్తే తప్ప మనసుకి ఎక్కదు. ఎదురుగా బల్ల మీద ఒక ఏ ఫోర్ కాగితం పరిచి ఉందనుకోండి. అది బల్ల మీద వేసే ఒత్తిడి సుమారు 0.8 పాస్కల్ (పాస్కల్ అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం). ఇప్పుడు మూడంతస్తుల భవనంలో పది మీటర్ల ఎత్తున మెట్ల గది ఉంది, లోపల బయటికంటే అయిదు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందనుకుందాం. పొగగొట్టం సూత్రం వల్ల పుట్టే ఒత్తిడి రెండు పాస్కళ్ల లోపే, అంటే రెండు మూడు కాగితాల బరువు. మూడు మీటర్ల ఎత్తున్న ఒక్క గదిలో అయితే ఒక కాగితం బరువు కూడా రాదు. సెకనుకు మూడు మీటర్ల వేగంతో వీచే మంచి పైరగాలి తెచ్చేది అయిదు పాస్కళ్లు, ఆరేడు కాగితాలు. పెద్ద ఏసీ ప్లాంటులో డక్టులోకి గాలి తోసే ఫ్యాను కొన్ని వందల పాస్కళ్లతో తోస్తుంది. దాని దారిలో వంకరలున్నా, జల్లెడలున్నా లెక్క చేయదు. కిటికీ గాలికి ఆ బలం లేదు. దుమ్ము పట్టిన దోమల జాలీ, కిటికీకి అడ్డంగా పెట్టిన ఇనుప బీరువా, నడవా చివర వేసిన పార్టిషన్, వీటిలో ఏ ఒక్కటైనా చాలు దాన్ని ఆపేయడానికి. అందుకే గాలి దారి భవనం ప్లాను గీసే రోజునే తేలాలి. కట్టాక కిటికీ చేర్చి బాగు చేసుకుందాం అంటే సాగదు.

స్లైడింగ్ కిటికీల సంగతి ఇక్కడే చెప్పాలి. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎంత తీసినా తెరుచుకునేది సగమే. జాలీ రెక్క కూడా ఉంటే ఆ సగంలోనూ కోత పడుతుంది. పాత చెక్క రెక్కల కిటికీ మొత్తం తెరుచుకునేది. గదిలో నేల వైశాల్యానికి కనీసం ఎంత భాగం కిటికీలుండాలో జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు, తేమ వేడి ప్రాంతాల్లో ఆరో వంతు, మధ్యస్థ వాతావరణంలో ఎనిమిదో వంతు. కాగితం మీద ఆరో వంతు చూపించి స్లైడింగ్ బిగిస్తే గాలికి మిగిలేది పన్నెండో వంతు. తనిఖీలో అది బయటపడదు, మే నెలలో పడుతుంది.

ఇంకొకటి లోతు. ఒక్క వైపే కిటికీలున్న గదిలో గాలి సరిగ్గా అందేది పైకప్పు ఎత్తుకి రెండు, రెండున్నర రెట్ల దూరం దాకా. ఎదురెదురుగా కిటికీలుంటే అయిదు రెట్ల దాకా. మూడు మీటర్ల కప్పున్న గది ఏడు మీటర్లు దాటితే లోపలి టేబుళ్ల దాకా గాలి రాదన్న మాట. నడుమ నడవా, అటూ ఇటూ గదులు అనే ప్లాను ప్రతి గదినీ ఒంటికన్ను గదిని చేస్తుంది. నేను చూసిన ఆఫీసు చేసిన మొదటి తప్పు అదే. పాత బళ్లూ ఆస్పత్రులూ ఒకే వరసలో గదులు, ముందు వరండా పెట్టుకున్నది ఊరికే కాదు.

ఇప్పుడు అసలు చిక్కు ముడి దగ్గరికి వద్దాం. కిటికీలు తెరిస్తే వడగాలి వస్తుందన్నారు కదా. నిజంగానే వస్తుంది. వంద చదరపు మీటర్ల గది, మూడు మీటర్ల పైచిలుకు ఎత్తు. గంటకి అయిదు సార్లు గాలి పూర్తిగా మారేలా కిటికీలు తెరిచారనుకుందాం. బయట 41, లోపల 31. లెక్క వేస్తే కిటికీల్లోంచి వచ్చిపడే వేడి సుమారు అయిదు కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి తోడిపోసే వేడి కూడా దాదాపు అంతే. అంటే మే మధ్యాహ్నం బార్లా తెరిచిన కిటికీలు ఏసీని తిరగేసి బిగించినంత పని చేస్తాయి. కిటికీలు మూసినవాళ్లది తప్పు కాదు. ఊపిరికి కావలసిన తాజా గాలి మనిషికి సెకనుకు పది లీటర్లు చొప్పున వేసుకుంటే, ఆ గదిలో ఇరవైమందికి గంటకు రెండు సార్లు గాలి మారితే చాలు. దానికి పైన వెంటిలేటర్లు, కింద కాస్త సందు ఉంటే సరిపోతుంది.

మరి కిటికీలు బార్లా తెరవాల్సింది ఎప్పుడు? రాత్రి.

హైదరాబాద్‌లో మే నెలలో సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత సుమారు 39, కనిష్ఠం 26. పదమూడు డిగ్రీల తేడా. తెల్లవారుజామున నాలుగింటికి డాబా మీద పడుకున్నవాళ్లు దుప్పటి వెతుక్కుంటారు, కింద గదుల్లో పడుకున్నవాళ్లు ఉడికిపోతుంటారు. పగలు స్లాబు మింగిన వేడి రాత్రి గదిలోకి దిగుతుంది, కిటికీలు మూసి ఉంటే అది పోయే దారి లేదు. ఆ గదిలోంచి రాత్రంతా చల్లగాలి నడిపిస్తే స్లాబూ గోడలూ చల్లబడతాయి. మర్నాడు పగలు కిటికీలు మూసుకుంటే, ఆ చల్లబడిన కాంక్రీటు గదిలో పుట్టే వేడిని మధ్యాహ్నం దాకా మింగుతూ ఉంటుంది. కుండలో నీళ్లు రాత్రి వాకిట్లో పెట్టి పగలు నీడకి చేర్చినట్టు.

ఎంత లాభం? పదిహేను సెంటీమీటర్ల స్లాబు చదరపు మీటరుకి 360 కిలోలు తూగుతుంది. దాన్ని మూడు డిగ్రీలు చల్లబరిస్తే, వంద చదరపు మీటర్ల మీద దాదాపు 26 కిలోవాట్ గంటల వేడి బయటికి పోయినట్టు. ఒకటిన్నర టన్నుల ఏసీ అయిదు గంటలు ఆగకుండా నడిస్తే తీసే వేడి అది. గోడల వాటా ఇందులో కలపలేదు. మొత్తం స్లాబు సమంగా చల్లబడదు కాబట్టి కాస్త తగ్గించుకున్నా, చిన్న లెక్క కాదు.

ఈ లెక్క పనిచేయాలంటే గాలి స్లాబుని తాకాలి. ఫాల్స్ సీలింగ్ వేసిన క్షణంలో స్లాబుకీ గదికీ మధ్య తెర దించినట్టే. భవనంలో అన్నిటికంటే బరువైన, అన్నిటికంటే ఎక్కువ వేడి దాచుకోగల భాగాన్ని జిప్సమ్ బోర్డు వెనక దాచేస్తున్నాం. నేను వెళ్లిన ఆఫీసు రెండో తప్పు అది. వైర్లు కనిపించకూడదని వేశారట.

ఈ రాత్రి గాలి మీద నమ్మకంతో ఒక పెద్ద భవనమే కట్టి చూపించిన ఊరు హరారే. జింబాబ్వే రాజధాని. అక్కడ 1996లో ఈస్ట్‌గేట్ సెంటర్ తెరిచారు. ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్, ఇంజనీర్లు అరప్ సంస్థవాళ్లు. తొమ్మిదంతస్తుల ఆఫీసు బ్లాకులు రెండు, మధ్యలో అద్దం కప్పున్న వీధిలాంటి ఖాళీ. హరారే సముద్ర మట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది, పగటికీ రాత్రికీ పది డిగ్రీల పైనే తేడా. విదేశాల నుంచి ఏసీ ప్లాంటు తెప్పించడం, దాన్ని బాగు చేయించుకోవడం ఆ దేశానికి భారం. అందుకని పియర్స్ అంతస్తుల కింద బోలుగా ఉండే కాంక్రీటు దారులు పెట్టించాడు. రాత్రి పెద్ద ఫ్యాన్లు చల్లగాలిని ఆ దారుల్లోంచి తోస్తాయి, కాంక్రీటు చల్లబడుతుంది. పగలు చిన్న ఫ్యాన్లు అదే దారుల్లోంచి నెమ్మదిగా తాజా గాలిని పంపుతాయి, అది చల్లని కాంక్రీటుని ఒరుసుకుంటూ గదుల్లోకి వస్తుంది. వేడెక్కిన గాలి పైకప్పు దగ్గర నుంచి నిలువు గొట్టాల్లోకి, అక్కణ్ణుంచి కప్పు మీది 48 చిమ్నీల్లోంచి బయటికి. ఏసీ ప్లాంటు కొనకపోవడం వల్ల నిర్మాణ ఖర్చులో సుమారు పదో వంతు మిగిలింది.

ఈ భవనం పేరు ఎక్కడ వచ్చినా చెదపురుగుల పుట్ట కథ కూడా వస్తుంది. పుట్ట లోపల ఎప్పుడూ ఒకే ఉష్ణోగ్రత ఉంటుందని, అక్కడ గాలి చిమ్నీలా పైకి పోతుందని, దాన్ని చూసి కట్టారని. పియర్స్‌కి ఆ పుట్టలు స్ఫూర్తినిచ్చిన మాట వాస్తవమే. అయితే తర్వాత ఆ పుట్టలను లోతుగా పరిశీలించిన శాస్త్రవేత్తలు వేరే సంగతి చెప్పారు. పుట్ట పని వాయువుల మార్పిడి, మన ఊపిరితిత్తుల్లాగా. లోపలి ఉష్ణోగ్రత ఎక్కువగా చుట్టూ ఉన్న నేలను బట్టి ఉంటుంది. ఊపిరి పని వేరు, చల్లబరిచే పని వేరని ఇందాక విడదీసుకున్నాం. పుట్ట చేసేది మొదటిది. ఊహ తప్పినా భవనం బాగా నడిచింది, ఎందుకంటే దాని లెక్క పుట్ట మీద కాక రాత్రి గాలి మీద, కాంక్రీటు బరువు మీద నిలబడింది. ఇంకో మాట, అది పూర్తిగా సహజ గాలి భవనం కాదు. ఫ్యాన్లున్నాయి. నాకు అందులో లోపమేమీ కనిపించదు. రెండు కాగితాల బరువున్న శక్తి చాలనప్పుడు చిన్న మోటారు సాయం తీసుకోవడం తెలివైన పని.

హరారే పాఠం హైదరాబాద్‌కి, కర్నూలుకి, అనంతపురానికి పనికొస్తుంది. విశాఖకి పనికిరాదు. విశాఖలో మే నెల గరిష్ఠం 35 దగ్గర, కనిష్ఠం 28 దగ్గర. రాత్రి గాలి కూడా వెచ్చనే, పైగా తేమ. స్లాబుని చల్లబరచడానికి అందులో చలువ లేదు. అక్కడ నమ్ముకోవాల్సింది రెండో పనిని, ఒంటికి తగిలే గాలిని. గది సన్నగా ఉండాలి, సముద్రపు గాలి వచ్చే వైపు కిటికీలు పెద్దవిగా ఉండాలి, అవతలి వైపు అంతకంటే చిన్నవి కాకూడదు. కూర్చున్న మనిషి భుజాల ఎత్తులో గాలి నడవాలి. పైన వెంటిలేటర్లు మాత్రమే తెరిస్తే గాలి తల మీదుగా పోతుంది, కిందివాళ్లకి చెమటలు పోస్తూనే ఉంటాయి. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో వీధి తలుపు నుంచి పెరటి తలుపు దాకా చూపు సూటిగా పోవడం, ఆ దారిలోనే పడక్కుర్చీ వేసుకోవడం ఇందుకే. రాయలసీమలో మందపాటి గోడల మిద్దెలు, చిన్న కిటికీలు ఎందుకో కూడా ఈ తేడాలోనే ఉంది. రెండు చోట్లా వాళ్ల వాళ్ల గాలిని బట్టే కట్టుకున్నారు. ఇప్పుడు ఒకే నమూనా ప్లాను ఇచ్చాపురం నుంచి ఆదోని దాకా కట్టేస్తే ఎక్కడో ఒక చోట అది కచ్చితంగా తప్పవుతుంది.

ఇంతకీ ఎంత వేడి దాకా ఒప్పుకోవచ్చు? ఇక్కడ చాలాకాలం ఒక అపోహ రాజ్యమేలింది. చలి దేశాల్లో, ఏసీ గదుల్లో జరిగిన ప్రయోగాల నుంచి వచ్చిన 22, 23 డిగ్రీల కొలతే అందరికీ కొలత అనుకున్నారు. కిటికీలు తెరుచుకోగల భవనాల్లో మనుషులు బయటి వాతావరణానికి అలవాటు పడతారని, వాళ్ల హాయి కొలత ఋతువుతో పాటు మారుతుందని తర్వాత క్షేత్ర పరిశీలనల్లో తేలింది. మన దేశంలో అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అయిదు రకాల వాతావరణాల్లో 16 ఆఫీసు భవనాల్లో 6,330 జవాబులు సేకరించి ఒక సూత్రం తేల్చారు. బయటి సగటు ఉష్ణోగ్రతను 0.54తో గుణించి 12.83 కలిపితే, సహజ గాలి భవనంలో జనానికి హాయిగా అనిపించే ఉష్ణోగ్రత వస్తుంది. బయటి సగటు 30 అయితే లోపల 29. మరో రెండు డిగ్రీల పైచిలుకు అటూ ఇటూ అయినా పదిమందిలో తొమ్మిదిమంది ఒప్పుకుంటారు. 2016 జాతీయ నియమావళిలోకి ఈ పద్ధతి వచ్చింది. అంతకు ముందే 2008లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో వేసవి, వానాకాలాల్లో జరిగిన ఒక పరిశీలనలో హాయి ఉష్ణోగ్రత 29.2 అని, 26 నుంచి 32.5 దాకా జనం సర్దుకుంటున్నారని తేలింది. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే గుమ్మం ముందు ఆగినట్టుంది నాకు.

ఇందులో ఫ్యాన్ వాటా పెద్దది. ఒంటి మీద సెకనుకు మీటరు వేగంతో గాలి కదిలితే మూడు డిగ్రీలు తగ్గినట్టు అనిపిస్తుంది. తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ రకం ఫ్యాన్ 30 వాట్ల దగ్గర కరెంటు తీసుకుంటుంది, ఒకటిన్నర టన్నుల ఏసీ 1,500 వాట్ల దగ్గర. గది 30 డిగ్రీల దగ్గర నిలిస్తే ఫ్యాన్ కింద హాయిగా పని చేసుకోవచ్చు. గది 36 దాటితే ఫ్యాన్ గాలి చర్మం కంటే వేడిగా తగులుతుంది, చెమట ఆరడం వల్ల కలిగే కాస్త ఊరటే మిగులుతుంది. కాబట్టి రాత్రి గాలి పని గదిని 24కి దించడం అనుకోకూడదు. ఫ్యాన్ పనిచేయగల హద్దు లోపల దాన్ని నిలబెట్టడమే దాని పని. ఇంకా, పై అంతస్తు స్లాబు మీద ఎండ నేరుగా పడుతుంటే ఏ గాలీ ఆ వేడిని తట్టుకోలేదు. ముందు నీడ, తెల్లటి పైపూత. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చి ప్రభుత్వ భవనాలకి దాన్ని తప్పనిసరి చేయడం అందుకే నాకు ముఖ్యమైన అడుగుగా కనిపిస్తుంది. పశ్చిమ ఆఫ్రికా దేశం బుర్కినా ఫాసోలోని గాండో గ్రామంలో ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్ కెరె 2001లో కట్టిన బడి చూడండి. మట్టి ఇటుకల గదులు, వాటి మీద రంధ్రాలున్న మట్టి కప్పు, దానికి పైన చాలా ఎత్తులో గొడుగులా రేకుల కప్పు. ఎండ రేకుని కాలుస్తుంది, రెండు కప్పుల మధ్య గాలి ఆ వేడిని మోసుకుపోతుంది, గదిలోంచి పైకొచ్చిన వేడిగాలినీ తనతో లాక్కుపోతుంది. ఆ ఊరివాళ్ల చేతులతోనే కట్టిన బడి. కెరెకి 2022లో ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

పొడి వేడిలో నీటిని కూడా పనిలో పెట్టొచ్చు. అహ్మదాబాద్‌లో టోరెంట్ రిసెర్చ్ సెంటర్‌లో భవనం మధ్య నిలువు గొట్టం పైన సన్నటి నీటి తుంపర చల్లుతారు. గాలి తడిసి చల్లబడి బరువెక్కి తనంతట తానే కిందికి దిగి గదుల్లోకి చేరుతుంది. పొగగొట్టం సూత్రాన్ని తలకిందులు చేసినట్టు. వానలు మొదలయ్యాక తుంపర ఆపేస్తారు, తేమ గాలిలో అది పనిచేయదు కాబట్టి. హైదరాబాద్‌లో 2004లో రాష్ట్రపతి కలాం ప్రారంభించిన సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో గాలి బురుజులున్నాయి. అవి ఏసీని పూర్తిగా వదిలేయలేదు. ఏసీలోకి వెళ్లే బయటి గాలిని ముందే చల్లబరిచి దాని బరువు తగ్గిస్తాయి. ఆపరేషన్ థియేటర్లకి, సర్వర్ గదులకి, పెద్ద రోడ్డు పక్క దుమ్మూ రొదా భరించలేని చోట్లకి ఏసీ, వడపోత కావాలి. అది కాదనే వాదన నాకు లేదు. కానీ ఒక కలెక్టరేట్‌లో మొత్తం గదుల్లో అలాంటివి ఎన్ని?

ఆస్పత్రి వార్డుల సంగతి మాత్రం నన్ను బాగా కదిలిస్తుంది. పెరూ రాజధాని లిమాలో ఎనిమిది ఆస్పత్రుల్లో 70 గదుల గాలి మార్పిడి కొలిచి 2007లో ప్రచురించారు. క్షయలాంటి అంటురోగాలున్నవాళ్లు వచ్చే అవకాశమున్న వార్డులు, గదులు అవి. కిటికీలూ తలుపులూ తెరిస్తే గంటకి 28 సార్లు గాలి మారింది. యంత్రాలతో గాలి నడిపే ప్రత్యేక ఐసొలేషన్ గదుల్లో 12 సార్లే. అన్నిటికంటే బాగున్నవి 1950కి ముందు కట్టిన, ఎత్తైన కప్పులు పెద్ద కిటికీలు ఉన్న వార్డులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సాధారణ వార్డులో ఒక్కో రోగికి సెకనుకు 60 లీటర్ల గాలి ఉండాలని సూచించింది. ఒక స్ప్లిట్ ఏసీ బిగించి వెంటిలేటర్లు మూసేసిన వార్డులో ఆ అంకె దరిదాపుల్లోకి కూడా రాలేం. ఒకరి దగ్గు పదిమంది పీలుస్తారు. మన ఊళ్లలో ఏసీ వార్డు అంటే మంచి వార్డు అనే గౌరవం ఉంది. క్షయ ఇంకా పోని దేశంలో ఆ గౌరవం గురించి మరోసారి ఆలోచించాలి.

మళ్లీ ఆ మండల ఆఫీసుకి. బయల్దేరే ముందు అటెండరుని అడిగాను, కిటికీలు రాత్రి తెరిచి ఉంచుతారా అని. "అమ్మో, సాయంత్రం అయిదున్నరకి అన్నీ బిగించి తాళం వేసేస్తామండీ. ఫైళ్లుంటాయి, కంప్యూటర్లుంటాయి. మొన్నామధ్య కోతులు దూరి రెండు మానిటర్లు కింద పడేశాయి. పైగా ఒక్క వాన పడితే కాగితాలన్నీ తడుస్తాయి."

అతను చెప్పినవన్నీ న్యాయమైన కారణాలు. మన వాతావరణానికి సరిగ్గా ఎదురు తిరిగిన వేళాపాళ అది. చల్లగాలి దొరికే గంటలన్నీ భవనం మూతపడి ఉంటుంది, వడగాలి మొదలయ్యే వేళకి తెరుచుకుంటుంది. పాత కచేరీలో ఈ సమస్య ఎందుకు రాలేదో వెనక్కి వెళ్లి చూశాను. చూరు కింద వెంటిలేటర్లు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. వాటికి ఇనుప ఊచలున్నాయి, చూరు బాగా ముందుకు జరిగి వాన జల్లు పడనివ్వదు, మనిషి చేతికి అందని ఎత్తు. రాత్రి ఎవరూ తెరవనక్కర్లేకుండానే ఆ గది ఊపిరి తీసుకుంటోంది. కొత్త భవనంలో కూడా స్లాబు కింద వెంటిలేటర్ల చోటు ఉంది. ఏసీలు పెట్టినప్పుడు రెండింటిని థర్మోకోల్‌తో మూసి పైన ప్లాస్టరు చేశారు.

అక్కడి అధికారికి నేను చెప్పినవి పెద్ద ఖర్చువి కావు. ప్లాస్టరు కొట్టించి వెంటిలేటర్లు తిరిగి తెరిపించండి. ఊచలు, బయట రేకు చూరు, లోపల కడగడానికి వీలుగా విప్పుకునే జాలీ పెట్టించండి. మెట్ల గది పైన తలుపుకి బదులు వాన పడని లూవర్లు, అంటే తెరిచి మూసుకోగల ఏటవాలు పలకలు, వేయించి, అక్కడ ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి టైమర్ పెట్టండి, రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు దాకా. ఫాల్స్ సీలింగ్ కనీసం జనం కూర్చునే పెద్ద హాల్లో తీసేయండి. నడవాకి ఆనుకున్న గదుల గోడల్లో పైభాగాన జాలీ ఇటుకలు పెట్టిస్తే ఒంటికన్ను గదులకి రెండో కన్ను వస్తుంది.

ఆయన అన్నీ శ్రద్ధగా రాసుకున్నారు. తర్వాత ఒక్క ప్రశ్న వేశారు. "బాగానే ఉందండీ. ఉదయం ఎనిమిదింటికి ఈ లూవర్లు మూయాలి, రాత్రి తెరవాలి అంటున్నారు. ఇది ఎవరి డ్యూటీ అని రాయమంటారు?"

ఆ ప్రశ్న దగ్గరే మన ప్లానులు చాలా ఆగిపోతాయి. డ్రాయింగులో కిటికీ ఉంటుంది, టెండరులో దాని ధర ఉంటుంది, దాన్ని ఏ గంటకి తెరవాలో ఏ కాగితంలోనూ ఉండదు. ఏసీకి ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఉంటుంది, జాలీ కడగడానికి ఉండదు. నైట్ వాచ్‌మన్ పనుల పట్టికలో గేటు, లైట్లు, మోటారు, ట్యాంకు ఉన్నాయి. దాని కిందే ఇంకో రెండు వరసలు చేర్చమన్నాను: రాత్రి తొమ్మిదికి లూవర్లు తెరవాలి, ఉదయం ఎనిమిదికి మూయాలి, మార్చి ఒకటి నుంచి జూన్‌లో వానలు పడేదాకా. నెలకోసారి జాలీలు కడగాలి, ఆ పనికి విడిగా కూలి ఇవ్వాలి. ఆయన ఆ కాగితం మీదే రాసి, కింద తేదీ వేసి, వాచ్‌మన్‌ని పిలిపించమని అటెండరుకి చెప్పారు.